కుడికంటికొక బొమ్మ, ఎడమకంటికొక బొమ్మ

నేను రిటైరైన ఉద్యోగిని. నవ్వకండి. నాకింకా ముప్పై రెండేళ్ళే. నేను చేస్తున్న ఉద్యోగం నాకంటే ముందు రిటైరైపోయింది. ఖాళీ గదిలో ఒక్కడినే కూర్చుంటే బాగుండదని నేనూ దాని వెనకే వచ్చేశాను. ఇప్పుడు సూక్ష్మదర్శిని పని నేర్చుకుంటున్న మీ కోసం అనుభవాలు రాసిమ్మని అడిగితే, జుట్టు నెరవకుండానే పెద్దమనిషి వేషం వేసుకున్నాను. పెద్దమనుషులు తమ విజయాల గురించి రాస్తారు. నా దగ్గర ఆ సరుకు తక్కువ. అందుకని ఒక కన్ను గురించి రాస్తాను. ఆ కన్ను కూడా నాది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తిరుపతి ఊరి బయట, రేణిగుంట దారిలో ఉన్న ఒక పట్టు విత్తనాల పరీక్షా కేంద్రంలో చేరాను. పట్టు విత్తనాలంటే భూమిలో వేసే గింజలు కావు, పట్టుపురుగు గుడ్లు. ఆవాలకంటే చిన్నవి, అట్టల మీద అంటుకుని ఉంటాయి. జిల్లాలో పడమటి పక్క మల్బరీ వేసి పురుగులు పెంచే రైతులకు ఆ అట్టలు మా దగ్గర పరీక్షయ్యాకే పోతాయి. పెబ్రిన్ అని ఒక రోగం ఉంది. తల్లి పురుగుకు ఉంటే గుడ్డులోనే పిల్లకు వస్తుంది. రోగమున్న అట్ట ఒక్కటి పోయినా రైతు ఇంట్లో తట్టల మీద పురుగులన్నీ నల్లబడి రాలిపోతాయి. అందుకని గుడ్లు పెట్టేసిన తల్లి పురుగును నూరి, ఒక చుక్క గాజుపలక మీద వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాం. కోడిగుడ్డు ఆకారంలో మెరిసే సన్నటి బీజాలు కనిపిస్తే గుడ్లన్నీ కాల్చేయాలి. లేకపోతే రైతుకు ఇచ్చేయాలి. చిక్కేమిటంటే కొన్ని బూజు బీజాలు కూడా అదే వేషంలో ఉంటాయి, కాకపోతే కాస్త పెద్దవి. అందుకని కొలవాలి. వెంట్రుక మందంలో ఎన్నో వంతు తేడా మీద ఒక రైతు పంట నిలబడేది, లేదా మంటలో పడేది.

నాది పుత్తూరు, విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరున్న ఊరు. ఆ సంగతి తెలిసిన మొదటి వారమే మా అటెండరు తాత పంచె పైకెత్తి మోకాలు చూపించాడు. నాకు కంప్యూటరు కోర్సు తప్ప కట్టు కట్టడం రాదని చెప్పాను. "పుత్తూర్లో పుట్టి ఏం లాభమప్పా మరి," అని చాలా జాలిగా నా వైపు చూసి పంచె దించుకున్నాడు.

నన్ను పెట్టుకున్నది కంప్యూటరు కోసం. సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి, దాన్ని కంప్యూటరుకు కలిపారు. మా సారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. ఏ చిన్న పనైనా ఆయన దృష్టిలో చరిత్రే. కంప్యూటరు డబ్బా విప్పిన రోజు, "ఇది ఈ ప్రాంత పట్టు పరిశ్రమ చరిత్రలో సువర్ణాధ్యాయం" అన్నారు. డబ్బాలో ప్లగ్గు వైరు లేదు. సువర్ణాధ్యాయం పక్క వారానికి వాయిదా పడింది.

ఆ సాఫ్ట్‌వేరు రెండు రకాల పనులు చేసేది. మొదటిది కొలత. సన్నటి గీతలు చెక్కిన గాజుపలకను ఫోటో తీసి, ఈ గీతకూ ఆ గీతకూ ఇంత దూరమని ఒకసారి చెబితే చాలు, ఆ తర్వాత ఏ బొమ్మ మీదైనా మౌసుతో ఇక్కడి నుంచి అక్కడికి గీత గీస్తే పొడవు చెప్పేది. లెన్సు మారిస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. మరిచిపోతే దోమను దున్నపోతంత చేసి, అంతే ధీమాగా కొలత చూపించేది. రెండోది, వేషాలు కట్టడం. లెన్సు మీద దుమ్ముంటే, ఫోకసు తప్పితే, వెలుతురు చెదిరితే బొమ్మ ఎలా కనిపిస్తుందో, మంచి బొమ్మను చెడగొట్టి చూపించేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తప్పులు తెలియడానికట. మంచి బొమ్మ తీయడానికే ముక్కుతూ మూలుగుతూ ఉన్న మాకు దాన్ని చెడగొట్టే మెనూ ఎందుకని నేను దాని జోలికే పోలేదు.

ఇక పెద్దక్క. ఆ కేంద్రంలో అందరికంటే పాత మనిషి. యాభై దాటింది. మాలో ప్రతి ఒక్కరికీ పని నేర్పింది ఆమే. సారు కూడా పైకి చెప్పకుండా ఆమె దగ్గరే నేర్చుకున్నారు. మధ్యాహ్నం సంగటీ ఊరిబిండీ తెచ్చి, వద్దన్నా అందరి పళ్ళాల్లో పెట్టేది. పెట్టేటప్పుడు ఆప్యాయంగా తిట్టేది. ఆమె పని నేర్చుకున్నది ఒక్క గొట్టం ఉండే పాత సూక్ష్మదర్శిని మీద. కుడికన్ను గొట్టానికి ఆనించడం, ఎడమకన్ను గట్టిగా మూసుకోవడం. రెండు కళ్ళూ తెరిచి చూడడం అలవాటు చేసుకోవాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ కాలంలో ఎవరూ ఆమెకు పుస్తకం ఇవ్వలేదు, పని ఇచ్చారు. రెండు గొట్టాలవి వచ్చాక కూడా ఆమె ఒక కన్నే వాడింది. ఆఖరికి కంప్యూటరు ముందు కూర్చుని మౌసుతో గీత గీసేటప్పుడు కూడా ఎడమకన్ను మూసుకునేది. సారు కొత్తగా వచ్చినప్పుడు గొట్టం దగ్గర ఆమె కన్ను మూయడం చూసి, తనకు కన్ను కొడుతోందేమోనని కొన్నాళ్ళు ఆ గది వైపే రాలేదు.

అన్నిటికీ మూలం ఆయుధ పూజ. ఏటా ఆ రోజు తాత సూక్ష్మదర్శినులన్నిటికీ గంధం, కుంకుమ పెట్టేవాడు. ఒక ఏడాది భక్తి కాస్త ఎక్కువై, అడుగున ఉండే చిన్న లెన్సుకు కూడా బొట్టు పెట్టాడు. పక్క రోజు పెద్దక్క గొట్టంలోకి చూసి, "లోకమంతా ఎర్రగా ఉండాదేమప్పా," అంది. తుడిచాం. దానికి ఆమె తాతను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చువేసేవాళ్ళు ఒప్పుకోరు. అప్పటి నుంచి బొమ్మ కాస్త మసకగా అనిపిస్తే చాలు, నేరం తాత కుంకుమదే.

కొన్ని నెలలకు ఆమెకు రోజూ మసకగానే అనిపించడం మొదలైంది.

"లెన్సు మీద ఇంకా ఏందో ఉండాది. సరిగ్గా తుడవలేదు మీరు," అనేది. మళ్ళీ తుడిచేవాళ్ళం. బల్బు పాతదైపోయిందనేది. బల్బు మార్పించాం. చివరికి సారు పైవాళ్ళకు రాసి కొత్త లెన్సే తెప్పించి, దాన్ని చరిత్రలో ఎక్కించారు. పెద్దక్క దాంట్లోకి చూసి, "ఈ కంపెనీవోళ్ళు కూడా మోసమే," అంది.

ఒక రోజు ఆమె కొలిచి పక్కన పెట్టిన బొమ్మను నేను మళ్ళీ తెరిచాను. ఆమె గీసిన పసుపు గీత దాని మీదే ఉంది. కొలిచే గీత బీజం ఈ చివర మొదలై ఆ చివర ఆగాలి. ఈ గీత బీజానికి బయట, ఏమీ లేని చోట మొదలై, బీజం మీదుగా పోయి, అటు పక్క కూడా ఏమీ లేని చోట ఆగింది. చెయ్యి జారిందేమో అనుకున్నాను. ఇంకో బొమ్మ తెరిచాను. అదీ అంతే. రెండు వైపులా ఒకే మోతాదులో దాటింది. జారిన చెయ్యి అంత పద్ధతిగా జారదు. ఆమెకు బీజం అంచు నిజంగానే అక్కడిదాకా కనిపిస్తోంది. మా కేంద్రంలో బీజాలన్నీ ఒళ్ళు చేశాయి, అదీ పెద్దక్క ముందు మాత్రమే.

ఈ సంగతి తాతకు చెబితే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నాకెప్పుడో తెలుసప్పా. టీ గ్లాసు అందుకునేటప్పుడు చెయ్యి పక్కకి పోతా ఉండాది."

"మరి చెప్పలేదే తాతా?"

"నీకూ తెలిసింది కదా. నువ్వు చెప్పు."

సారు దగ్గరికి పోయాను. ఆయన కిటికీ వైపు చూస్తూ, "నాకు అనుమానం ఉందయ్యా. అందుకే కదా బల్బు మార్పించాను," అన్నారు.

అదీ పరిస్థితి. అందరికీ తెలుసు. ఆమె మీద ఉన్న ప్రేమంతా ఎవరికి చేతనైన వస్తువు మీద వాళ్ళం చూపించాం. ఒకరు బల్బు మార్చారు, ఒకరు లెన్సు తుడిచారు. నేను ఆమె కుర్చీ ఎత్తు సరిచేశాను. ప్రతి గంభీరమైన మాటకూ పక్కనుంచి ఒక వెటకారం విసిరే నాకు కూడా, ఈ ఒక్క మాటకు నోరు రాలేదు.

ఇట్లా ఎన్నాళ్ళు నడిచేదో తెలియదు. అంతలో పలమనేరు పక్క నుంచి ఒక పెద్ద సరుకు పరీక్షకు వచ్చింది. పెద్దక్క చూసింది, కొలిచింది, "ఇవి పెద్దయి. బూజు. పెబ్రిన్ కాదు, పంపించేయొచ్చు," అంది. రూలు ప్రకారం రెండో మనిషి కూడా చూడాలి. ఆ రెండో మనిషిని నేను. నా గీతలు అంచు నుంచి అంచుకు గీశాను. అది పెబ్రినే. సారు కూడా వచ్చి చూశారు. చరిత్ర మాట ఎత్తలేదు. గుడ్ల అట్టలన్నీ వెనక పెరట్లో కాల్చారు. రైతుల దగ్గరికి ఒక్క అట్ట కూడా పోలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పొగ మా గదిలోకి వస్తుంటే పెద్దక్క కిటికీ మూయలేదు, మూయనివ్వలేదు.

సారు ఆమెను పిలిచారు. "అమ్మా, సోమవారం నుంచి మీరు అట్టలు కడిగే సెక్షను చూసుకోండి. ఇది నాకెంత బాధాకరమైన నిర్ణయమో..."

"బాధ మీకెందుకు సార్? రాజీనామా రాసిస్తా, పని తీరిపోతాది," అంది పెద్దక్క. "లెన్సు చెడిపోయిందని మొత్తుకుంటా ఉంటే నన్ను కడిగే తావకి పొమ్మంటారు. ఇన్నేళ్ళు సూసిన కన్ను ఇది. గొట్టం లోపలికి సూడకుండా నేనీడ ఉండేది ఎందుకు?"

సారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నేలకు చూడ్డానికి ఎవరూ లేరు.

ఆమె బయటికి వచ్చి నేరుగా నా కంప్యూటరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమప్పా, ఈ పెట్టె మంచి బొమ్మని చెడగొడతాది అంటివే ఒకసారి?"

"చెడగొడతాది అక్కా. దాంట్లో మనల్ని మించిపోయింది."

"అట్లయితే నాకు కనపడే మాదిరి చెడగొట్టు సూద్దాం. లెన్సు ఎట్ల సూపిస్తా ఉండాదో ఆ బొమ్మ తీసి సారు ముందర పెడతా. కంపెనీవోళ్ళ మొగాన కొడతా."

వద్దని చెప్పడానికి అదే సమయం. నేను చేసింది మెనూ తెరవడం.

తెర మీద ఒకే బీజం బొమ్మను రెండుసార్లు పక్కపక్కన పెట్టాను. ఎడమ పక్కది ముట్టుకోను, దాన్ని కుడికంటితో చూడమన్నాను. కుడి పక్కదాన్ని నేను చెడగొడుతూ పోతాను, దాన్ని ఎడమకంటితో చూడమన్నాను. రెండు కళ్ళకూ రెండు బొమ్మలూ ఒకేలా కనిపించినప్పుడు ఆపమని చెప్పాలి.

"ఎడమకంటితోనా? అది సోమరిది. దానికి పనేం తెలుసు?"

"పనేమీ లేదక్కా. తెరిస్తే చాలు."

ఆమె కుడికన్ను మూసింది. అన్నేళ్ళలో ఆమె కుడికన్ను మూయడం నేను చూడ్డం అదే మొదలు. మొహం కొత్తగా ఉంది, ఎవరో చుట్టాలామె వచ్చినట్టు.

"ఏందిది, ఇది ఇంత నున్నగా ఉండాది? మెరుగు పెట్టినావా?"

"నేనింకా చెయ్యి పెట్టలేదక్కా."

ఆమె నమ్మలేదు. "సరే, మొదలుపెట్టు," అంది.

ముందు ఫోకసు కొంచెం తప్పించాను. చాలదంది. ఇంకొంచెం తప్పించాను. "అంచుకి తెల్లగా రావాల, పాలు ఒలికిన మాదిరి," అంది. వెలుతురు చెదరగొట్టాను. కళ్ళు మార్చి మార్చి చూసింది, ఇది మూసి అది తెరిచి, అది మూసి ఇది తెరిచి. "ఇంకా." దుమ్ము పొర వేశాను. "ఇంకా." రంగు కొద్దిగా పసుపుకు తిప్పమంది. పాత గోడ రంగు అంది. తిప్పాను. బొమ్మ ఎంత చెడిందంటే, దాన్ని చూసి ఇది బీజమని నేను చెప్పలేను. చాలంటుందని ప్రతిసారీ ఆగాను. ప్రతిసారీ "ఇంకా" అంది. మొదట్లో ఆ మాట గట్టిగా వచ్చింది, కంపెనీవాళ్ళకు వినపడాలన్నట్టు. పోను పోను చిన్నదైంది. చివరి "ఇంకా" నాకు దాదాపు వినపడలేదు, పెదవులు చూసి ఇంకొంచెం చెడగొట్టాను.

"ఆ. ఇదే," అంది. "ఇట్లే ఉంటాది."

ఇప్పుడు నేను చేయాల్సింది ఒకటే మిగిలింది. కుడి పక్క బొమ్మకు వేసిన వేషాలు ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టాను. ఎడమకంటితోనే చూస్తూ ఉండమన్నాను. పసుపు పోయింది. దుమ్ము పోయింది. పాలు ఒలికినట్టున్న తెలుపు పోయింది. ఆఖరుకు ఫోకసు తిరిగొచ్చింది. రెండు బొమ్మలూ మళ్ళీ ఒకటే అయ్యాయి. ఆమె ఎడమకంటితో ఒక బొమ్మ చూసింది, కుడికంటితో రెండోది చూసింది. బొమ్మలు మార్చి మళ్ళీ చూసింది. నేనేమీ చెప్పలేదు. ఆమె ఏ బొమ్మ చూసినా మసక కుడికంటితో పాటే పోతోంది, కుడికంటితో పాటే వస్తోంది.

"లెన్సు బాగానే ఉండాది," అంది పెద్దక్క.

నా నోటికి అలవాటుగా ఒక మాట వచ్చింది. "కంపెనీవాళ్ళకి క్షమాపణ చెప్పాలి అక్కా."

"గమ్మునుండప్పా," అంది. తిట్టినట్టు లేదు. నా మోచేతి మీద చెయ్యి వేసింది. ఎడమకంటితో బొమ్మ చూస్తూనే, "ఎంత సన్నంగా ఉండాదప్పా దాని అంచు. పాలిష్ పట్టిన బియ్యం గింజ మాదిరి. ఈ సోమరిది ఇన్నాళ్ళు ఇంత సక్కగా సూస్తా ఉండి, నాకొక మాట చెప్పలేదు సూడు," అంది.

ఇంట్లో రెండు కళ్ళూ తెరిచి తిరిగేటప్పుడు మంచి కన్ను చెడ్డదాని లోటు పూడ్చేసింది. పని దగ్గర మాత్రం ఆమె వెతికి వెతికి చెడ్డదాన్నే వాడింది. శుక్లమని ఆమెకూ తెలుసు, పేరు పలకలేదు. వాళ్ళమ్మకు ఎప్పుడో ఒక బళ్ళో పెట్టిన శిబిరంలో ఆపరేషను చేస్తే చీము పట్టి ఆ కన్నే పోయిందట. "కట్టు విప్పినప్పుడు నేనే ముందర ఉండినా," అంది.

"ఇంట్లో చెప్పాలి కదక్కా," అన్నాను.

"ఆయనకి ఎట్ల చెప్పేది? నోరు తెరిస్తే నాకంటే ముందు ఆయనే ఏడుస్తాడు." కాస్త ఆలోచించింది. "పోయినేడాది మనమంతా కొండకి పోయినప్పటి ఫోటో ఉండాది కదా నీ తావ. దానికీ ఇదే మందు పెట్టు."

వాళ్ళాయన తిరుమల ఘాటు రోడ్డులో బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి సాయంత్రం ఆమెను తీసుకుపోవడానికి వచ్చేవాడు. మీసాలు చూస్తే భయమేసేది. మాట్లాడితే పోయేది. ఆమెను అక్కా అనేవాణ్ణి కాబట్టి ఆయన నాకు బావ. ఆ రోజు లోపలికి పిలిచి కుర్చీ వేశాం. తెర మీద ఫోటో పెట్టాను.

"ఏందబ్బా ఇది, మంచులో తీసినారా? ఆ పొద్దు ఎండ మండిపోతా ఉండె గదా."

"ఎండలోనే తీసినాం," అంది పెద్దక్క. "నా కుడికంటికి ఇట్ల కనపడతాది."

ఆయన తెరకు దగ్గరగా జరిగాడు. అందరి మొహాలూ పాలలో ముంచి తీసినట్టున్నాయి. తాను ఎక్కడున్నాడో వెతుక్కున్నాడు. ఆమె వేలు పెట్టి చూపిస్తే ఆ వేలి పక్కనే చూస్తూ ఉండిపోయాడు.

"నేనా ఇది?"

"నువ్వే. మీసాన్ని బట్టి కనుక్కుంటా."

తర్వాత ఫోటోతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "అద్దం ఇట్లుంటే నేను బండి తియ్యను. మలుపు కాడ ఓరగా పెట్టేసి, మంచు పోయేదాకా కదలను. జనం ఎంత అరవనీ. నువ్వు దీంట్లో ఎట్ల తిరగతా ఉండావు మే, ఇన్నాళ్ళు?"

"ఇది పోయే మంచు కాదంట."

"పోగొట్టేవోళ్ళ తావకే పోదాం. పద."

"మా అమ్మకి..."

"అది ఆ కాలం. ఆ కాలంలో ఘాటు రోడ్డుకి పక్కన గోడ కూడా లేదు. ఇప్పుడుండాది. బండినిండా జనాన్ని వేసుకుని రోజూ కొండ దించతా నేను. నిన్నొకదాన్ని దించలేనా?"

అని ఏడ్చాడు. పెద్దక్క చెప్పినట్టే, ఆమెకంటే ముందు. తాత టీ తెచ్చి అది చూసి, టీతో సహా వెనక్కి పోయాడు. టీ మాత్రం ఇచ్చిపోయి ఉంటే బాగుండేది.

సారు ఆమెను కడిగే సెక్షనుకు మార్చే కాగితం సంతకం పెట్టకుండా సొరుగులో పెట్టారు. ఆపరేషనయ్యాక ఆమె వచ్చి పరీక్ష పలకలు కొలవాలి, ఆమె గీతలు నా గీతలతో సరిపోవాలి. సరిపోతే కుర్చీ ఆమెదే, లేకపోతే కడిగే సెక్షనే. ఆ మాట ఆమె ముందే చెప్పారు, ఏ చరిత్రా కలపకుండా. ఆయన మీద నాకు గౌరవం మొదలైంది ఆ రోజే.

ఆపరేషను తిరుపతిలోనే జరిగింది. ఎట్లా జరిగిందో చెప్పి మిమ్మల్ని ఏడిపించాలని ఉంది కానీ, బాగా జరిగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నెల తిరక్కముందే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి గది అంతా చూసింది.

"కిటికీలు ఎప్పుడు తుడిచినారు మీరు? గోడ మీద ఆ చారలేంది? ఏమప్పా, నువ్వీ చొక్కా వేసుకునేనా ఇన్నాళ్ళు నా పక్కన కూర్చున్యావు?" నా మొహం చూసి ఆగింది. "ముందర నువ్వు ఇంతకన్నా బాగుండినావు."

"ఆ వేషం కంప్యూటర్లో దాచిపెట్టుండా అక్కా. కావాలంటే మళ్ళీ పెట్టుకుంటా."

ఆమె కూర్చుంది. పరీక్ష పలక పెట్టాం. ఎడమకన్ను మూసింది. అలవాటు పోలేదు. మౌసు పట్టుకుంది. సారు వెనక నిలబడ్డారు, తాత తలుపు పక్కన, నేను కంప్యూటరు పక్కన. గీత బీజం అంచు దగ్గర మొదలైంది. మెల్లగా జరిగి, అవతలి అంచు దగ్గర, సరిగ్గా అంచు దగ్గర, ఆగింది. సారు ఏదో చరిత్రాత్మకమైన మాట అనడానికి గొంతు సవరించుకున్నారు. కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక మిగిలినవీ కొలిచింది. అన్నీ సరిపోయాయి. సారు సొరుగులోంచి కాగితం తీసి చింపేశారు. అందరూ ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయాక, పెద్దక్క తెర మీద నుంచి చూపు తిప్పకుండా నన్నడిగింది.

"మీకందరికీ ముందే తెలుసు కదా?"

నేను అబద్ధం వెతుక్కునే లోపలే ఆమె చెయ్యి ఎత్తింది.

"బల్బు మార్చినారు. లెన్సు మార్చినారు. నా కుర్చీ కూడా ఎత్తినారు, నాకు తెలీదనుకున్యావా? ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు."

"మీరు బావకి ఫోటో పెట్టి చూపించలేదా అక్కా?"

"అందుకే చెప్తా ఉండా. బొమ్మ చూపిస్తే చెప్పినట్టు కాదప్పా. ఆ పొద్దు నువ్వు ఒక్కొక్కటే తీసేస్తా ఉంటే, పక్కన మనిషి గొంతు ఉంటే బాగుండు అనిపించింది నాకు. ఇంకా ఒక కన్ను ఉండాది. దీనికీ వస్తాది, ఎప్పుడో. అప్పుడు నువ్వే చెప్పాల. పెట్టె మీద కాదు, నోటితో."

"చెప్తా అక్కా," అన్నాను. ఆమె గీత గీయడంలో పడిపోయింది.

కొన్నేళ్ళకు ఆమె రిటైరైంది. అసలైన రిటైర్మెంటు, నా మాదిరి కాదు. హాల్లో షామియానా గుడ్డ కట్టి, బోండాలు వేయించి, సారు మైకు పట్టుకున్నారు. ఆమె ముందు వరసలో కూర్చుంది, వాళ్ళాయన ఆమె కుడి పక్కన. నేను ఎడమ పక్కన. అందరికీ పళ్ళాలు పంచారు. ఆమె పళ్ళెం ఎడమ పక్క స్టూలు మీద పెట్టి పోయారు. కాసేపటికి ఆమె, "నాకింకా ఇయ్యలేదేమప్పా," అంది. పళ్ళెం ఆమె మోచేతి పక్కనే ఉంది. నేను పలకరించిన ప్రతిసారీ తల పూర్తిగా నా వైపు తిప్పి, కుడికంటితో చూస్తోంది.

సారు మైకులో ఆమె కళ్ళను దీపాలతో పోలుస్తున్నారు. ఇంత మంచి రోజున ఎందుకులే అనిపించింది. రేపు ఫోన్ చేసి చెబుదామనిపించింది. బావకు చెబుదామనిపించింది. ఏదైనా ఒక వెటకారంలో చుట్టి చెబుదామని కూడా చూశాను. ఒక్కటీ తట్టలేదు. ఆమె చెవి దగ్గరికి వంగాను.

"అక్కా. ఎడమ కంటికి కూడా వచ్చేసింది."

ఆమె వేదిక వైపే చూస్తూ తల ఊపింది.

"తెలుసు. ఆయన సెలవు పెట్టినాడు, గురువారం ఆపరేషను." చేత్తో తడిమి స్టూలు మీద పళ్ళెం అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు నోరు తెరుస్తావా లేదా అని పొద్దున్నుంచి సూస్తా ఉండినా. తినప్పా, బోండా చల్లారిపోతాది."